ఎఫ్ఎంబీలో 312 లింకులంటే ఎన్ని మీటర్లు? లెవెలింగ్‌లో 15 ఎంఎం తేడా వస్తే ఏం చేయాలి?

గుంటూరు_సివిల్_కుర్రోడు:

అందరికీ నమస్తే. నేను గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ సివిల్ సెకండియర్, సర్వేయింగ్ ల్యాబ్ నడుస్తోంది, వచ్చే వారం ఎక్స్‌టర్నల్ వైవా. డౌట్లన్నీ కలిపి ఒకేసారి అడిగేస్తున్నా, పోస్టు పెద్దదైతే తిట్టుకోమాకండి.

మొదటిది ఇంటి గొడవ. తెనాలి వైపు మాకు కొంచెం పొలం ఉంది. దాని తూర్పు గట్టు మీద ఎఫ్ఎంబీలో (రెవెన్యూ వాళ్ళ పొలం కొలతల పటం) 312 అని రాసుంది, పక్కన యూనిట్ ఏమీ లేదు, నాన్న అవి లింకులురా అన్నాడు. మా పుస్తకంలో 20 మీటర్ల చైనుకి 100 లింకులు అని ఉంది, అంటే లింకు 20 సెంటీమీటర్లు, 312 ఇంటూ 0.2 చేస్తే 62.40 మీటర్లు రావాలి కదా. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నేనూ నాన్నా స్టీల్ టేపు పట్టుకుని రాయి నుంచి రాయికి లాగితే 62.75 వచ్చింది. అంటే మేం పక్కాయన పొలంలోకి 35 సెంటీమీటర్లు జరిగినట్టా? నాన్నకి చెప్తే "ఎవరితో అనమాకు, నోరు మూసుకుని ఉండు" అన్నాడు :)

రెండోది లెవెలింగ్. ఆటో లెవెల్‌తో మా గ్రౌండ్ చుట్టూ ఫ్లై లెవెలింగ్ (స్టాఫు అనే నిలువు కొలబద్ద చదువుతూ ఎత్తులు లెక్కగట్టడం) చేశాం, దగ్గర దగ్గర 600 మీటర్ల లూప్. బెంచ్ మార్క్ (ఎత్తు తెలిసిన పాయింటు, బీఎం) 100.000 అనుకుని మొదలెట్టి తిరిగి అదే పాయింట్ మీద క్లోజ్ చేస్తే 100.015 వచ్చింది. సిగ్మా బీఎస్ మైనస్ సిగ్మా ఎఫ్ఎస్ (మిషన్ పెట్టిన ప్రతిచోటా తీసే మొదటి రీడింగుల మొత్తంలోంచి చివరి రీడింగుల మొత్తం తీసేస్తే వచ్చేది) చూస్తే లాస్ట్ ఆర్ఎల్ (పాయింటు ఎత్తు) మైనస్ ఫస్ట్ ఆర్ఎల్‌కి కరెక్టుగా సరిపోయింది. మరి చెక్ సరిపోయాక కూడా ఈ 15 ఎంఎం ఎక్కణ్ణుంచి వచ్చింది? మా బ్యాచ్ వాళ్ళేమో చివరి ఎఫ్ఎస్ మార్చేసి 100.000 చేసేద్దాం రా అంటున్నారు, పోయినేడు సీనియర్ల రికార్డులన్నిట్లో తేడా జీరోనే ఉందంట.

మూడోది డౌట్ కంటే కడుపుమంట అనుకోండి. ఈ చైనూ, కంపాసూ ఇప్పుడు బయట ఎవరు వాడుతున్నారు? అందరూ టోటల్ స్టేషన్ (కోణం, దూరం రెండూ కొలిచే మిషన్), డీజీపీఎస్ (ఉపగ్రహాలతో చోటు తేల్చేది) అంటుంటే మేం మాత్రం ఎండలో గొలుసు ఈడుస్తున్నాం.


తెనాలి_సర్వేయర్:

తమ్ముడూ, ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పు, మీరు ఎవరి పొలంలోకీ జరగలేదు.

నువ్వు పుస్తకంలో చదివింది మెట్రిక్ చైను. ఎఫ్ఎంబీలో ఉన్నది గంటర్స్ చైను. రెండిట్లోనూ లింకు అనే అంటారు, రెండూ ఇంచుమించు 20 సెంటీమీటర్లే, తిప్పలంతా అక్కడే వస్తోంది. గంటర్స్ చైను పొడవు 66 అడుగులు, దానికి 100 లింకులు, అంటే లింకు 0.66 అడుగు, 7.92 అంగుళాలు, మన లెక్కలో 20.1168 సెంటీమీటర్లు. ఇప్పుడు కొట్టి చూడు, 312 ఇంటూ 0.66 అంటే 205.92 అడుగులు, మీటర్లలోకి మారిస్తే 62.76. నీ టేపు 62.75 చూపించింది. తేడా ఒక్క సెంటీమీటరు, పొలం గట్టు మీద కొలిచినదానికి అది చాలా బాగొచ్చినట్టు.

66 అడుగులేంటి, ఇంత వంకర లెక్క ఎవడు పెట్టాడు అనిపిస్తుంది గాని, 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లండాయన చాలా తెలివిగా పెట్టాడు. ఒక చైను పొడవు, ఒక చైను వెడల్పు ఉంటే అది ఒక చదరపు చైను, అలాంటివి పది కలిస్తే కరెక్టుగా ఒక ఎకరం. చైనుకి 100 లింకులు కాబట్టి ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకి వెయ్యి. మీ పొలం రెండో వైపు 425 లింకులు, మూలలన్నీ తిన్నగా ఉన్నాయి అనుకుందాం, 312 ఇంటూ 425 అంటే 1,32,600 చదరపు లింకులు. కుడిపక్క నుంచి ఐదంకెలు వదిలి చుక్క పెట్టు, 1.326 ఎకరాలు, అంటే ఎకరా 32 సెంట్ల పైచిలుకు. క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో చెట్టుకింద కూర్చుని తేల్చేసేవాళ్ళు. అదే నీ 20 సెంటీమీటర్ల లింకుతో కొడితే 1.31 ఎకరాలే వస్తుంది, ఒకటిన్నర సెంటు పోయింది, గజాల్లో 74. ఇప్పుడు రోడ్డు పక్క గజం రేటు తెలిసినోడికి 74 గజాలంటే ఏంటో చెప్పక్కర్లేదు.

మన కోస్తా జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు ఈ గొలుసుతోనే కొలిచారు కాబట్టి పాత ఎఫ్ఎంబీల్లో లింకులుంటాయి. అయితే అన్నీ లింకులే అనుకోమాకు, తర్వాత వేసినవి మీటర్లలో కూడా ఉంటాయి. అనుమానం వస్తే ఒక పని చెయ్, అడంగల్‌లో ఉన్న విస్తీర్ణం తీసుకుని పటం కొలతలతో పోల్చు. లింకులనుకుంటే సరిపోయిందా మీటర్లనుకుంటే సరిపోయిందా అక్కడే తెలిసిపోద్ది.

ఇంకో మాట, ఎఫ్ఎంబీలో గట్ల పొడవులొక్కటే ఉండవు. రాయి నుంచి రాయికి పొలం మధ్యలోంచి ఒక గీత పోతుంది చూడు, దాన్ని జీ-లైన్ అంటాం. ఆ గీత మీద ఇన్ని లింకుల దగ్గర ఆగి, కుడికో ఎడమకో ఇన్ని లింకులు లంబంగా వెళ్తే ఫలానా మలుపు వస్తుంది అని అంకెలుంటాయి. మీ పుస్తకంలో చైన్ లైన్, ఆఫ్‌సెట్ అని చదివారే, అది ఇదే. చైన్ సర్వే ఎవరు వాడుతున్నారు అన్నావుగా, మీ ఇంట్లో బీరువాలో ఉన్న ఆ కాగితమే చైన్ సర్వే. అది చదవడం రాకుండా టోటల్ స్టేషన్ పట్టుకుని పొలంలో దిగినోళ్ళని చూస్తూనే ఉన్నాను.

రాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. ట్రాక్టరు తగిలి కదిలినవి ఉంటాయి, ఎవరో జరిపినవీ ఉంటాయి. ఒక్క వైపు కొలిచి సరిపోయింది అని వదిలెయ్యకుండా, మూడో రాయికి ఐమూల కూడా కొలిచి చూడు. నిజంగా తగాదా ఉంటే మీరూ మీరూ కొలుచుకుని లాభం లేదు, ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలత) కోసం అర్జీ పెట్టుకుంటే సర్వేయరు వచ్చి పక్క రైతులకి నోటీసిచ్చి కొలుస్తాడు. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయుంటే సర్వే నంబరు బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది, అప్పుడు ఆ కొత్త మ్యాపు చూడాలి, ఈ పాత లింకులు కాదు.


గుంటూరు_సివిల్_కుర్రోడు:

అన్నా నువ్వు దేవుడివి. నాన్నకి చెప్పా, "నాకు ముందే తెలుసు" అన్నాడు. ఐమూల ఈసారి వెళ్ళినప్పుడు కొలుస్తా.


బెజవాడ_బ్యాక్‌బెంచ్:

లెవెలింగ్ గురించి ఇంత ఆలోచన దేనికి బ్రో, జీరో చేసి రాసేయ్. మేమూ అదే చేశాం, పాసయ్యాం, ఎక్స్‌టర్నల్ ఆయన రికార్డు తిప్పి కూడా చూడడు.


కాలవగట్టు:

బ్యాక్‌బెంచ్ బాబూ, పాసవడం గురించి నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు గాని, రేపు సైటులో ఇదే చేస్తే నీళ్ళు వెనక్కి పారతాయి. నేను విజయవాడలో కాలవల పనుల మీద చాలా ఏళ్ళు లెవెల్ మిషన్ వెనకాల నిలబడ్డవాణ్ణి. డెల్టా అంతా బల్లపరుపు. ఒక కాలవకి పదివేలకి ఒకటి వాలు ఇచ్చారనుకో, కిలోమీటరుకి పడేది 10 సెంటీమీటర్లే. ఆ పదిలో ఒకటిన్నర సెంటీమీటరు ఎటుపోయిందో తెలీదు అంటే ఇంక నువ్వు వాలు ఏం ఇచ్చినట్టు.

గుంటూరు అబ్బాయ్, నీ ప్రశ్న మంచి ప్రశ్న, చాలామంది ఇంజినీర్లకి కూడా ఇక్కడ క్లారిటీ ఉండదు. సిగ్మా బీఎస్ మైనస్ సిగ్మా ఎఫ్ఎస్ అనేది లెక్క చెక్కు, ఫీల్డు చెక్కు కాదు. నువ్వు పుస్తకంలో రాసుకున్న అంకెల్ని సరిగ్గా కూడావా తీసేశావా అన్నంతవరకే అది చెప్పేది. ఆ అంకెలు నిజమా కాదా దానికి తెలీదు. నీ లూప్‌ని రెండు సెటప్పులకి కుదించి రాస్తా చూడు. బీఎం 100.000 మీద బీఎస్ 1.425, అంటే హెచ్ఐ (మిషన్ చూపు ఎత్తు) 101.425. మధ్యలో ఒక పాయింటు మీద ఐఎస్ (మధ్య రీడింగు) 1.860, దాని ఆర్ఎల్ 99.565. టర్నింగ్ పాయింట్ (మిషన్ జరిపేముందు, జరిపాక రెండుసార్లూ చదివే పాయింటు) మీద ఎఫ్ఎస్ 0.985, ఆర్ఎల్ 100.440. మిషన్ జరిపి అదే పాయింట్ మీద బీఎస్ 1.310, హెచ్ఐ 101.750, తిరిగి బీఎం మీద ఎఫ్ఎస్ 1.735, ఆర్ఎల్ 100.015. బీఎస్‌లు కూడితే 2.735, ఎఫ్ఎస్‌లు 2.720, తేడా 0.015. ఆర్ఎల్‌ల తేడా కూడా 0.015. చెక్ బ్రహ్మాండంగా సరిపోయింది, 15 ఎంఎం మాత్రం అలాగే కూర్చుంది. ఎందుకంటే నువ్వు బయల్దేరిన చోటికే వచ్చావు కాబట్టి ఆ తేడా సున్నా రావాలి, అదీ అసలు ఫీల్డు చెక్కు.

ఇందులోనే వైవా ప్రశ్న ఒకటుంది. హెచ్ఐ పద్ధతి మంచిదా, రైజ్ అండ్ ఫాల్ మంచిదా అని అడుగుతారు. పైన మధ్యలో ఐఎస్ 1.860 ఉంది చూడు, హెచ్ఐ పద్ధతిలో దాని ఆర్ఎల్ 99.565 బదులు 99.655 అని తప్పు తీసేసినా చివరి చెక్‌లో బయటపడదు, ఎందుకంటే బీఎస్ ఎఫ్ఎస్‌లే అందులోకి వస్తాయి. రైజ్ అండ్ ఫాల్‌లో ఒక పాయింటు నుంచి పక్క పాయింటుకి తీసేసుకుంటూ పోతావు, ఫాల్ 0.435, రైజ్ 0.875, ఫాల్ 0.425, కాబట్టి మధ్య దాంట్లో లెక్క తప్పితే సిగ్మా రైజ్ మైనస్ సిగ్మా ఫాల్ పట్టేస్తుంది. కానీ స్టాఫ్ మీద 1.860 ఉంటే నువ్వు 1.680 అని చదివేసావనుకో, దాన్ని ఏ పద్ధతీ పట్టుకోలేదు. అందుకే రీడింగ్ తీసేవాడు గట్టిగా చెప్పాలి, రాసేవాడు మళ్ళీ గట్టిగా చదవాలి.

ఇప్పుడు 15 ఎంఎం ఎక్కువా తక్కువా. మామూలు లెవెలింగ్‌కి 24√కె ఎంఎం, కొంచెం జాగ్రత్త పనికి 12√కె ఎంఎం దాకా ఒప్పుకుంటారు, కె అంటే కిలోమీటర్లలో దూరం. నీది 0.6 కిలోమీటరు, దాని వర్గమూలం 0.775. మొదటి లెక్కన 18.6 వస్తుంది, రెండో లెక్కన 9.3. అంటే మామూలు పనికి పాసు, జాగ్రత్త పనికి ఫెయిలు. రికార్డులో ఇదే రాయి. క్లోజింగ్ ఎర్రర్ ప్లస్ 15 ఎంఎం, లిమిట్ 18.6, కాబట్టి దూరాన్ని బట్టి పంచాము అని. సగం దూరంలో ఉన్న పాయింటుకి ఆర్ఎల్‌లోంచి 7.5 ఎంఎం తీసేస్తావు, చివరి దానికి మొత్తం 15. ఎక్స్‌టర్నల్‌కి సున్నా తేడా చూపిస్తే ఆయన నవ్వుకుంటాడు, ఇది చూపిస్తే కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు, అది నీకు మంచిదే.

ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే, నాకు నీ తేడా ప్లస్‌లో రావడం మీద అనుమానం. మీ గ్రౌండు నల్లరేగడేనా? స్టాండు కాళ్ళు మెత్తటి నేలలో గుచ్చి బీఎస్ తీసి, కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఎఫ్ఎస్ తీస్తారు. ఈలోపు మిషన్ రెండు ఎంఎం దిగుతుంది. మిషన్ దిగితే ఎఫ్ఎస్ తక్కువ చదువుతావు, తక్కువ తీసేస్తావు, ఆర్ఎల్ పెరుగుతుంది. అలాగే టర్నింగ్ పాయింట్ దగ్గర స్టాఫు పట్టుకున్నవాడు వట్టి మట్టి మీద పెట్టి, మిషన్ జరిపేదాకా దాని మీద బరువేసి నిలబడతాడు. స్టాఫు దిగితే బీఎస్ ఎక్కువ వస్తుంది, మళ్ళీ ఆర్ఎల్ పెరుగుతుంది. ఏది దిగినా ప్లస్సే. ఇవి ఒకదానికొకటి కొట్టేసుకోవు, పోగవుతాయి. టర్నింగ్ పాయింట్లన్నీ రాయి మీదో, సిమెంటు గట్టు మీదో, ఏదీ దొరక్కపోతే ఒక ఇటుక నేలలోకి తొక్కి దాని మీదో పెట్టండి.

అది కాకపోతే కాలిమేషన్. మిషన్ చూపు అడ్డంగా కాకుండా కొంచెం పైకి లేచుంటే, దూరం ఎక్కువయ్యేకొద్దీ రీడింగ్ ఎక్కువ వస్తుంది. దీన్ని టూ పెగ్ టెస్టుతో అరగంటలో తేల్చొచ్చు. 60 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి సరిగ్గా మధ్యలో మిషన్ పెట్టు. ఏ మీద 1.500, బీ మీద 1.320 వచ్చాయనుకో, నిజమైన తేడా 0.180, ఎందుకంటే మధ్యలో ఉన్నప్పుడు తప్పు రెండు వైపులా ఒకేలా పడి కొట్టుకుపోతుంది. ఇప్పుడు మిషన్‌ని అదే గీత మీద ఏ వెనక్కి, ఒక రెండు మీటర్ల అవతలకి తెచ్చి మళ్ళీ చదువు. ఏ 1.610 వస్తే బీ 1.430 రావాలి. 1.442 వచ్చిందంటే 60 మీటర్లకి 12 ఎంఎం పైకి చూస్తోంది నీ మిషన్. అలాంటి మిషన్‌తో ప్రతి సెటప్పులో వెనక స్టాఫు 20 మీటర్లు దూరంగా, ముందు స్టాఫు దగ్గరగా పెట్టుకుంటూ పోతే ఒక్కో సెటప్పుకి 4 ఎంఎం, నాలుగు సెటప్పులకి 16. అందుకే బీఎస్ దూరం, ఎఫ్ఎస్ దూరం సమానంగా ఉంచమని చెవిలో జోరీగలా చెప్పేది. అడుగులేసి కొలుచుకున్నా చాలు.

స్టాఫు వాలినా అంతే, ఎప్పుడూ ఎక్కువే చదువుతుంది. మూడు మీటర్ల రీడింగు దగ్గర మూడు డిగ్రీలు వాలితే 4 ఎంఎం ఎక్కువ. స్టాఫుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపమని, అందులో అన్నిటికంటే చిన్న రీడింగ్ రాసుకో.

ఆ 100.000 గురించి కూడా ఒక మాట. అది మీ కాలేజీ వాళ్ళు అనుకున్న అంకె, దానికీ సముద్రమట్టానికీ సంబంధం లేదు. విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద ఎంఎస్ఎల్ అని రాసుంటుంది చూడు, అది సముద్రమట్టం నుంచి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీటిమట్టం అని పేపర్లో రాస్తారు, ఇరిగేషన్ కాగితాల్లో అదే నీళ్ళని ప్లస్ 57.05 అడుగులు అంటారు, మీటర్లలో 17.39. ఒకటి అక్కడి గేజీ, రెండోది సముద్రమట్టం లెక్క. ఏ లెక్కలో మాట్లాడుతున్నామో చెప్పకుండా ఆర్ఎల్ రాస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.


గుంటూరు_సివిల్_కుర్రోడు:

అవునండీ గ్రౌండంతా నల్లరేగడే, పైగా ముందురోజు నీళ్ళు కొట్టారు క్రికెట్ పిచ్ కోసం. టర్నింగ్ పాయింట్లన్నీ మట్టి మీదే పెట్టాం, స్టాఫు పట్టుకున్నోడు దాన్ని ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు. శనివారం మళ్ళీ చేద్దాం అనుకుంటున్నాం ఇటుకలు పట్టుకెళ్ళి.


కాలవగట్టు:

పొద్దున్నే ఏడింటికి మొదలెట్టండి. పదకొండు దాటితే నేల మీద సెగ ఆడుతుంది, స్టాఫు మీద అంకెలు నాట్యం చేస్తాయి. స్టాఫు అడుగు భాగంలో, అర మీటరు లోపు రీడింగులు రాకుండా మిషన్ పెట్టుకోండి, అక్కడే సెగ ఎక్కువ.


సర్వే_మేడం:

నేను పాఠం చెప్పేదాన్ని కాబట్టి వైవా వైపు నుంచి రాస్తాను. బాబూ, పిల్లలు ఎక్కువగా తడబడేది కంపాస్ దగ్గర.

ప్రిస్మాటిక్ కంపాస్‌లో సున్నా దక్షిణం వైపు ఎందుకుంటుంది అని దాదాపు ప్రతి ఎక్స్‌టర్నల్ అడుగుతారు. అంకెల వలయం సూదికి అతికించి ఉంటుంది, అది సూదితో పాటే తిరిగి ఆగిపోతుంది. మనం చూసేది అవతలి వైపుకి, చదివేది మన కంటి దగ్గరున్న పట్టకంలోంచి. ఉత్తరం వైపు చూస్తున్నప్పుడు మన కన్ను దక్షిణం కొస దగ్గర ఉంటుంది, అప్పుడు సున్నా చదవాలి కాబట్టి సున్నాని అక్కడ రాశారు. అంకెలు తిరగేసి ఉండేది పట్టకంలో తిన్నగా కనపడటానికి. సర్వేయర్ కంపాస్‌లో సంగతి వేరు, అక్కడ వలయం పెట్టెకి అతికి ఉంటుంది, సూది ఒక్కటే తిరుగుతుంది, అందుకే తూర్పు పడమరలు తారుమారుగా రాస్తారు. మొదటిది 0 నుంచి 360 దాకా చదువుతుంది, రెండోది 0 నుంచి 90 దాకా ఉత్తరం లేదా దక్షిణం నుంచి.

లోకల్ అట్రాక్షన్ (దగ్గరున్న ఇనుము సూదిని లాగడం) బట్టీ కొట్టకండి, చేసి చూడండి. ఫోర్ బేరింగ్ (ముందుకి చూసిన దిక్కు కోణం) 64 డిగ్రీల 30 నిమిషాలు వచ్చింది, అవతలికెళ్ళి వెనక్కి చూస్తే 246 డిగ్రీలు వచ్చింది అనుకోండి. 244 డిగ్రీల 30 నిమిషాలు రావాలి కదా, డిగ్రీన్నర తేడా. రెండు చోట్లలో ఏదో ఒక దగ్గర, లేదా రెండు దగ్గరా ఇనుముంది. ఏ గీతకైతే తేడా ఖచ్చితంగా 180 వస్తుందో దాని రెండు కొసలూ మంచివని తీసుకుని, అక్కణ్ణుంచి మిగతావి సరిచేసుకుంటూ పోవాలి. ల్యాబ్‌లో ఒక చిన్న ప్రయోగం చేయిస్తుంటాను, కంపాస్ కుదురుకున్నాక జేబులో బైకు తాళాలు, సెల్‌ఫోను ఉన్న అబ్బాయిని దగ్గరికి రమ్మంటాను, ఫోను కంపాస్ పక్కకి రాగానే సూది కదిలిపోతుంది. అది చూసినవాళ్ళు ఆ తర్వాత కరెంటు స్తంభం పక్కన స్టేషన్ పెట్టరు.

థియోడలైట్‌లో (కోణాలు కొలిచే మిషన్) లీస్ట్ కౌంట్, అంటే చదవగలిగే అతి చిన్న కొలత, 20 సెకన్లు అని అందరూ టక్కున చెప్తారు, మెయిన్ స్కేలు మీద చిన్న గీత 20 నిమిషాలు, వెర్నియర్ మీద 60 భాగాలు, భాగిస్తే 20 సెకన్లు. సరే, 20 సెకన్లంటే నేల మీద ఎంత అని అడిగితే నిశ్శబ్దం. 100 మీటర్ల దూరంలో అది దాదాపు ఒక సెంటీమీటరు. 5 సెకన్ల టోటల్ స్టేషన్‌కి అదే దూరంలో రెండున్నర ఎంఎం లోపే. ఇది గుర్తుంచుకుంటే ఏ పనికి ఏ మిషన్ కావాలో మీకే తెలుస్తుంది. ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్ (నిలువు వలయం ఎడమకి, కుడికి ఉంచి చదవడం) రెండూ ఎందుకు అంటే "యావరేజ్ కోసం" అని ఆగిపోకండి. చూపు గొట్టం తన ఇరుసుకి లంబంగా లేకపోవడం, ఇరుసు అడ్డంగా లేకపోవడం లాంటి మిషన్ లోపాలు ఒక ఫేసులో ప్లస్ అయితే రెండో ఫేసులో మైనస్ అవుతాయి, సగటు తీస్తే పోతాయి. నిలువు ఇరుసే వాలిపోయి ఉంటే మాత్రం ఎన్ని ఫేసులు తీసినా పోదు, కాబట్టి లెవెలింగ్ సరిగ్గా చేసుకోవాల్సిందే. ఇంతవరకు చెప్పిన పిల్లవాడికి నేనైతే ఇంకో ప్రశ్న అడగను.

టేపు గురించి ఒకటి. మన ఎండలకి స్టీల్ టేపు సాగుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిచూసిన 30 మీటర్ల టేపు, రోహిణి కార్తెలో నేల మీద పడి 45 డిగ్రీలకి వేడెక్కిందంటే దాదాపు 9 ఎంఎం పొడవైపోతుంది. టేపు పొడవైతే కొలత తక్కువ చూపిస్తుంది, దిద్దుబాటు కలపాలి. ఈ ప్లస్ మైనస్ దగ్గరే సగం మార్కులు పోతాయి.


సైట్_ఇంజినీర్_మంగళగిరి:

మూడో డౌట్‌కి నేను. బ్రో, బయట చైనూ కంపాసూ వాడరు, అది నిజం. నేను సైటులో చేరాక కంపాస్ కంటితో చూడలేదు. కానీ టోటల్ స్టేషన్ ఉంటే తప్పులు పోతాయి అనుకుంటున్నావు చూడు, అక్కడే దొరికిపోతారు.

ఒక అపార్ట్‌మెంట్ సైటులో జరిగింది చెప్తా, ఎవరిదో వద్దు. బయటి నుంచి సర్వే టీం వచ్చి ప్లాట్ మధ్యలో మిషన్ పెట్టి కాలమ్ సెంటర్లు మార్క్ చేసి వెళ్ళిపోయింది. మిషన్‌లో ప్రిజమ్ కాన్‌స్టంట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఏ అద్దం వాడుతున్నామో దాన్ని బట్టి మార్చాలి, వాళ్ళు ముందు సైటులో వాడిన దాన్నే వదిలేశారు, 30 ఎంఎం తేడా. 10 మీటర్లకైనా 100 మీటర్లకైనా అదే 30. స్క్రీన్ మీద అంకెలన్నీ మూడు దశాంశాలతో ముచ్చటగా ఉన్నాయి. మా మేస్త్రీ ఎందుకో అనుమానమొచ్చి మిషన్‌కి అటొకటి ఇటొకటి ఉన్న కాలమ్ మార్కుల మధ్య టేపు లాగాడు, 60 ఎంఎం తేడా. గుంతలు తవ్వకముందే దొరికింది కాబట్టి బతికిపోయారు. ఆయన దగ్గరున్నవి టేపు, తూకం గుండు, మూలమట్టం, లెవెల్ పైపు, అంతే. మూలలు తిన్నగా ఉన్నాయో లేదో 3, 4, 5 వేసి చూస్తాడు, మీ చైన్ సర్వేలో లంబం వేసేదీ అదే లెక్క.

కాబట్టి టోటల్ స్టేషన్ పెట్టగానే ముందు తెలిసిన రెండు పాయింట్ల మధ్య దూరం టేపుతో సరిచూడు, బ్యాక్ సైట్ (తెలిసిన పాయింటు వైపు చూసి దిక్కు సరిచేసుకోవడం) తీసుకున్నాక ఇంకో తెలిసిన మూడో పాయింట్ కొట్టి కోఆర్డినేట్లు వస్తున్నాయో లేదో చూడు, పని అయిపోయాక వెళ్ళేముందు మళ్ళీ బ్యాక్ సైట్ కొట్టు, స్టాండు కదిలిందేమో తెలుస్తుంది.

డీజీపీఎస్‌లో అయితే ఇంకో రెండు గుంతలున్నాయి. ఒకటి ఎత్తు. రోవర్ (చేత్తో పట్టుకుని తిరిగే రిసీవర్) నేరుగా ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు (భూమి ఆకారానికి లెక్కలో వేసిన నున్నటి గోళం మీద నుంచి), సముద్రమట్టం ఎత్తు కాదు. మన వైపు ఈ రెండిటికీ తేడా పదుల మీటర్లలో ఉంటుంది, ఆర్ఎల్ 20 ఉండాల్సిన చోట మైనస్‌లో చూపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి మిషన్ పాడైందని ఫోన్ చేస్తారు. జియాయిడ్ మోడల్ (ఆ రెండు ఎత్తుల తేడా ఎక్కడెంతో చెప్పేది) వేసుకోవాలి, లేదా బెంచ్ మార్క్ నుంచి ఆటో లెవెల్‌తో ఆర్ఎల్ తెచ్చుకోవాలి, నేనైతే డ్రైన్ పనులకి రెండోదే నమ్ముతా.

రెండోది యూటీఎం, భూమిని జోన్లుగా చేసి చదునైన గ్రిడ్డు మీద కోఆర్డినేట్లు ఇచ్చే పద్ధతి. మనది 44 నంబరు జోను, దాని మధ్య రేఖాంశం 81 డిగ్రీలు, విజయవాడ దానికి బాగా దగ్గర. ఆ గీత మీద స్కేలు 0.9996, అంటే నేల మీద కిలోమీటరు దూరం గ్రిడ్డులో 40 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. రోడ్డు పనిలో ఒకడు యూటీఎం కోఆర్డినేట్లతో, ఇంకొకడు టోటల్ స్టేషన్‌తో నేల దూరాలతో పోతే ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ కలవరు. ఇలాంటి పంచాయితీకి నేను సాక్షిని.

ఫోన్‌లో యాప్ పెట్టి పొలం చుట్టూ నడిచి ఎకరాలు చూసుకునే పెదనాన్నలు ఊరికొకరు ఉంటారు, వాళ్ళకి చెప్పండి, ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతుంది. విత్తనాలు ఎన్ని కొనాలో చూసుకోడానికి పర్లేదు, హద్దుకి పనికిరాదు.


పాలిటెక్నిక్_పాప:

నేను డిప్లొమా సెకండియర్, విజయవాడ. మాకు మేడం గారు చైన్‌లోనే అడుగుతారంట. 30 మీటర్ల చైనుకి లింకులు 150 అని ఒక గైడ్‌లో, 100 అని ఇంకో దాంట్లో ఉంది. ఏది కరెక్టు? ఇత్తడి రింగులు ఎక్కడుంటాయి?


సర్వే_మేడం:

150 అమ్మా. 100 అనేది 20 మీటర్ల చైనుకి. రెండిట్లోనూ లింకు 20 సెంటీమీటర్లే. ప్రతి మీటరు దగ్గర చిన్న ఇత్తడి రింగు, ప్రతి 5 మీటర్లకి ట్యాలీ (గుర్తు బిళ్ళ). పొడవులో రెండు పక్కల పిడులు కూడా కలిసే ఉంటాయి, పిడి బయటి అంచు నుంచి పిడి బయటి అంచుకి 30 మీటర్లు, ఇది కూడా అడుగుతారు. ల్యాబ్‌లో చైను తీసుకోగానే ముందు స్టీల్ టేపు పక్కన పరిచి పొడవు చూసుకోండి, లాగీ లాగీ రింగులు సాగిపోయి ఉంటాయి, పాత చైన్లు చాలావరకు ఉండాల్సినదానికంటే పొడవుగానే ఉంటాయి.